స్నెయిల్ కిల్లర్ సీసా పక్కన పెట్టండి, ముందు నీళ్ళ సంగతి చూద్దాం

మీరు రాసింది ముందు నా మాటల్లో చెప్తా, తేడా ఉంటే సరిచెయ్యండి. రెండడుగుల ట్యాంకు, పదో పదిహేనో గప్పీ చేపలు, కాసిని మొక్కలు, పాప ముచ్చటపడిందని తెచ్చిన పసుపు రంగు మిస్టరీ స్నెయిల్ ఒకటి, నీళ్ళేమో వంటింట్లో ఆర్వో నుంచి పట్టి పోస్తున్నారు. ఇప్పుడు ఆ పసుపు నత్త గుల్ల మొన దగ్గర తెల్లబడి గుంటలు పడుతోంది, నిన్నటి నుంచి నీళ్ళ మీద తేలుతోంది, బతికుందో పోయిందో తెలీట్లేదు. ఇంకోపక్క మొక్కలతో పాటు వచ్చిన బుల్లి నత్తలు అద్దం నిండా వందల్లో అయ్యాయి, షాపాయన స్నెయిల్ కిల్లర్ సీసా ఒకటి చేతిలో పెట్టి పది చుక్కలు వెయ్యమన్నాడు. దీనికి తోడుగా ఇంకో మిస్టరీ తేవాలా అని కూడా అడిగారు.

ఆ సీసా మూత తియ్యకండి. మన దగ్గర దొరికే స్నెయిల్ కిల్లర్లలో చాలావాటిలో ఉండేది రాగి, అంటే కాపర్ సల్ఫేట్, మన రైతులు మైలుతుత్తం అంటారే అదే. చేప తట్టుకోగలిగినంత రాగికి కూడా నత్త తట్టుకోలేదు, మందు పనిచేసేదే ఆ తేడా మీద. కానీ దానికి బుల్లి నత్త వేరు, పాప నత్త వేరు అని తెలీదు కదా, ముందు పోయేది మీ పసుపుదే కావచ్చు. సరే అది ఎలాగూ పోయిందనుకున్నా, 24 బై 12 బై 15 అంగుళాల ట్యాంకు అంటే 70 లీటర్లు, కంకర, రాళ్ళు, పైన ఖాళీ పోగా 55 లీటర్ల నీళ్ళు ఉంటాయ్, అందులో వందల నత్తలు ఒకే రాత్రి చచ్చి కంకర సందుల్లో కుళ్ళితే చేపలకి విషమైన అమోనియా ఎంతకి పెరుగుతుంది? తెల్లారేసరికి గప్పీలు పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉంటాయ్. నత్తలు పోతాయి కానీ గుడ్లు చాలావరకు మిగిలే ఉంటాయి, ఒకట్రెండు వారాల్లో పిల్లలొస్తాయి, మళ్ళీ సీసా. ఒకవేళ ఇప్పటికే వేసేసి ఉంటే ఈరోజే సగం నీళ్ళు మార్చండి, ఫిల్టర్లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి, రేపు మళ్ళీ పావు వంతు మార్చండి.

రాగి గురించి ఎలాగూ మాటొచ్చింది కాబట్టి ఇంకో నాలుగు ముక్కలు. చేపలకి తెల్ల మచ్చలొస్తే వేసే మందుల్లో కొన్నిట్లో రాగి ఉంటుంది, పాచి పోవడానికి వేసే మందుల్లోనూ ఉంటుంది, లేబుల్ మీద కాపర్ అనే మాట కనపడితే నత్తలున్న ట్యాంకులోకి అది వద్దు, చేపల్నే వేరే బకెట్లోకి తీసి అక్కడ వైద్యం చెయ్యండి. రాత్రంతా రాగి బిందెలో ఉంచిన నీళ్ళు మనకి మంచివని ట్యాంకులో కూడా పోసే పెద్దవాళ్ళు ఉంటారు ఇంట్లో, వాళ్ళకి నెమ్మదిగా చెప్పండి. మొక్కలకి వేసే లిక్విడ్ ఫెర్టిలైజర్‌లో ఉండే రాగి చాలా తక్కువ, చెప్పిన మోతాదు దాటకపోతే దాని గురించి భయం అక్కర్లేదు. అలాగే కల్లుప్పు. గప్పీ కాస్త డల్‌గా ఉంటే చాలు గుప్పెడు ఉప్పు వెయ్యడం మనవాళ్ళకి అలవాటు, గప్పీ దాన్ని హాయిగా తట్టుకుంటుంది, మంచినీటి నత్త తట్టుకోదు.

ఇప్పుడు తేలుతున్న నత్త. తేలడం అంటే చావడం కాదు. ఈ మిస్టరీ స్నెయిల్‌కి మొప్పతో పాటు ఊపిరితిత్తి లాంటి సంచి కూడా ఉంటుంది, ఎడమ పక్క నుంచి ఒక గొట్టం సాచి నీళ్ళ పైకి పెట్టి గాలి లాగుతుంది, లాగేటప్పుడు తలా ఒళ్ళూ ముందుకీ వెనక్కీ కదుపుతుంది కూడా, ఎప్పుడైనా రాత్రి లైటు వేసి చూడండి భలే ఉంటుంది. ఆ గాలి లోపల ఎక్కువుంటే ఒకరోజు, ఒక్కోసారి రెండు రోజులు తేలుతూనే ఉంటుంది. కాబట్టి చేత్తో పైకి తీసి రెండు విషయాలు చూడండి. ఒకటి, అడుగున మూతలా ఉండే గోధుమరంగు పలక, దాన్ని వేలితో మెల్లగా తాకితే లోపలికి లాక్కుంటే బతికే ఉంది. మూత వదులుగా వేలాడి, ఒళ్ళు బయటికి జారి, తాకినా కదలకపోతే అనుమానించాలి. రెండోది వాసన. ముక్కు దగ్గర పెట్టుకోండి, సిగ్గుపడక్కర్లేదు, నత్తలు పెంచేవాళ్ళందరం చేసే పనే. చచ్చిన నత్త వాసన వస్తే మళ్ళీ ఇంకెవర్నీ అడగాల్సిన పని ఉండదు, చెయ్యి ఆటోమేటిగ్గా దూరం జరుగుతుంది. వాసన లేదు, కానీ కదలట్లేదు అంటే ట్యాంకు నీళ్ళతోనే ఒక గిన్నెలో రెండంగుళాల లోతున పెట్టి, పక్కన కీరా ముక్క వేసి ఒక రోజు వదిలెయ్యండి. ట్యాంకులోనే ఉంచి ఎదురుచూస్తే, ఒకవేళ అది పోయి ఉంటే దాని మాంసమంతా 55 లీటర్లలో కుళ్ళడం మొదలవుతుంది, అందుకే గిన్నె.

ఇక గుల్ల. మీ అసలు సమస్య ఇదే, మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే. నత్త గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్, దాని పైన పల్చటి పొర ఒకటి ఉంటుంది, రంగు నిగనిగ కనిపించేది ఆ పొర వల్లే. గుల్ల మొన అన్నిటికన్నా పాత భాగం, రాళ్ళకి గీసుకుని పొర ముందు అక్కడే పోతుంది, పోయాక కింద ఉన్న సున్నపు భాగం నేరుగా నీళ్ళకి తగులుతుంది. నీళ్ళు గట్టివి, అంటే కాల్షియం, మెగ్నీషియం బాగా ఉన్నవి అయితే ఏం కాదు. మీ ఆర్వో నీళ్ళేమో దాదాపు ఖాళీ నీళ్ళు, చాలా ఇళ్ళల్లో టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగున్న లవణాల మొత్తం, 100 లోపే, అందులో కాల్షియం లేదు, కార్బొనేట్ లేదు. పైగా చేపల వ్యర్థాల్ని బ్యాక్టీరియా విడగొట్టేటప్పుడు ఆమ్లం పుడుతుంది, దాన్ని అదుపు చెయ్యాల్సిన కేహెచ్, అంటే కార్బొనేట్ల పాలు, నీళ్ళలో లేదు కాబట్టి పీహెచ్ మెల్లగా 6 వైపు, అంటే ఆమ్లం వైపు జారుతుంది. అంటే గుల్ల కరుగుతోంది, పైన తెల్లటి మచ్చ, తర్వాత గుంట, తర్వాత చిల్లు. అది జబ్బు కాదండీ, మందు ఉండదు దానికి.

నత్తని చేతిలోకి తీసుకున్నప్పుడే ఇంకోటి కూడా చూడండి, గుల్ల పెదవి, అంటే ఒళ్ళు బయటికొచ్చే నోరు అంచు. కొత్త గుల్ల పెరిగేది అక్కడే. అంచు సాఫీగా, పల్చగా, కాస్త లేత రంగులో ఉంటే పెరుగుతోందని. అంచు గరుకుగా పెచ్చులూడి, అడ్డంగా చారలు చారలుగా ఆగిపోయినట్టు ఉంటే పెరుగుదల నిలిచిందని. నీళ్ళు సరిచేసిన రెండు మూడు వారాల తర్వాత ఆ అంచు దగ్గర ఒక గీత స్పష్టంగా కనిపిస్తుంది, గీతకి ఇవతల పాత గరుకు గుల్ల, అవతల కొత్త నున్నటి గుల్ల. మొన దగ్గర పడిన గుంటలు మాత్రం పూడవు, అవి అలాగే ఉంటాయ్, దాని మీద బెంగ పెట్టుకోకండి, కొత్తవి పడకపోతే చాలు.

నీళ్ళలో ఏది ఎంత ఉండాలంటే జీహెచ్, అంటే కాల్షియం, మెగ్నీషియం కలిపిన గట్టిదనం, 8 నుంచి 15 డిగ్రీలు, కేహెచ్ కనీసం 5, పీహెచ్ 7.2 నుంచి 8 మధ్యలో. టెస్ట్ స్ట్రిప్పుల మీద పీపీఎంలో ఉంటే ఒక డిగ్రీ సుమారు 18 పీపీఎం లెక్కన చూసుకోండి. గప్పీలకి కూడా ఈ నీళ్ళే ఇష్టం, అందుకే గప్పీ, నత్త జోడీ బాగా కుదురుతుంది. మీరుండేది హైదరాబాద్ అన్నారు, అక్కడ చాలా ఏరియాల్లో బోరు నీళ్ళు గట్టివే, కెటిల్ అడుగున తెల్లగా పెచ్చు కడుతోందంటే ఆ పెచ్చు కాల్షియం కార్బొనేటే, నత్తకి కావాల్సింది అదే. మనం గీజర్ పాడవుతోందని తిట్టుకునే నీళ్ళు దానికి మేలు చేస్తాయన్నమాట. సగం బోరు, సగం ఆర్వో కలిపితే చాలా ఇళ్ళల్లో సరిపోతుంది, టెస్ట్ చేసుకుని పాళ్ళు అటూ ఇటూ మార్చుకోండి.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. మీది అపార్ట్‌మెంట్ అయితే, అందులో వాటర్ సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉందేమో కనుక్కోండి. సాఫ్ట్‌నర్ చేసే పనే కాల్షియం, మెగ్నీషియం లాగేసి వాటి బదులు సోడియం వదలడం. టీడీఎస్ మీటర్ పెడితే 600, 700 చూపిస్తుంది, ఆహా గట్టి నీళ్ళు అనుకుంటాం, కాల్షియం మాత్రం సున్నా దగ్గర ఉంటుంది. టీడీఎస్ మీటర్‌కి ఉప్పేదో సున్నమేదో తెలీదు, అందుకే జీహెచ్, కేహెచ్ టెస్ట్ కిట్ కొనమనేది. ప్లాంట్ ఉంటే వాచ్‌మన్‌ని అడిగి సాఫ్ట్‌నర్‌కి ముందున్న లైన్లోంచి రెండు బకెట్లు పట్టించుకోండి. మున్సిపల్ నల్లా నీళ్ళు కలిపేటట్టయితే క్లోరిన్ పోవడానికి యాంటీ క్లోరిన్ చుక్కలు, అదే సోడియం థయోసల్ఫేట్, వెయ్యడం మర్చిపోకండి.

మార్పు మాత్రం ఒక్కసారిగా వద్దు. ఖాళీ నీళ్ళకి అలవాటుపడ్డ ప్రాణిని ఒక్కరోజులో గట్టి నీళ్ళలో పడేస్తే మూత బిగించుకుని కూర్చుంటుంది, గప్పీలకీ మంచిది కాదు. వారానికి రెండుసార్లు పదేసి లీటర్లు తీసి కలిపిన నీళ్ళు పొయ్యండి, నెలలో చేరాల్సిన చోటికి చేరతారు.

దీంతో పాటు కాల్షియం నేరుగా ఇవ్వడానికి అన్నిటికన్నా సులువైంది సముద్రపు నురుగు, లవ్‌బర్డ్స్ అమ్మే షాపులో కటిల్ బోన్ అని అడిగితే ఇస్తారు. వేలెడంత ముక్క విరిచి, ఒకసారి మరిగించి వేస్తే ఒకట్రెండు రోజులు తేలి తర్వాత మునుగుతుంది, నత్త దాని మీదెక్కి గీకి గీకి తింటుంది. ఫిల్టర్లో గుడ్డ సంచీలో కట్టి పగడపు రాళ్ళ ముక్కలు పెట్టినా కేహెచ్ నిలబడుతుంది. కోడిగుడ్డు పెంకు కూడా పనికొస్తుంది, ఉడికించి లోపలి పొర తీసేసి నలిపి వెయ్యాలి, కానీ అది కరగడం బాగా నిదానం, దాని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. సున్నం మాత్రం పొరపాటున కూడా వెయ్యకండి, కాల్షియమే కదా అని తాంబూలం సున్నం వేసేవాళ్ళున్నారు, అది వేస్తే పీహెచ్ ఒక్కసారిగా పైకి పోయి నత్తా చేపా రెండూ పోతాయి. స్కూల్ చాక్‌పీసులు కూడా వద్దు, అందులో ఏం కలుపుతారో మనకి తెలీదు.

ఇప్పుడు అద్దం నిండా ఉన్న బుల్లివి. ముందు అవేంటో చూడండి, ఫోన్ కెమెరా జూమ్ చేసి అద్దం బయటి నుంచి చూస్తే చాలు. నున్నగా, గోధుమ రంగులో, ఒక చివర మొనదేలి, మీసాలు దారాల్లా సన్నగా ఉంటే అది బ్లాడర్ స్నెయిల్. ఖాళీ గుల్ల ఒకటి దొరికితే మొన పైకి, నోరు మీవైపు ఉండేలా పట్టుకోండి, నోరు ఎడమ పక్కకి వస్తే కచ్చితంగా అదే, మిగతా నత్తల్లో ఎక్కువ వాటికి నోరు కుడివైపు ఉంటుంది. చక్రంలా చపటగా చుట్టుకుని ఉంటే రామ్స్‌హార్న్, వీటిలో ఎర్రగా ఉండేవి అందంగా ఉంటాయి, ఆ ఎరుపు వాటి రక్తంలో మనలాగే హిమోగ్లోబిన్ ఉండడం వల్ల. పొడుగ్గా శంఖంలా మొనదేలి, పగలు కంకరలో దాక్కుని రాత్రి లైటు ఆపాక బయటికొస్తే మలేషియన్ ట్రంపెట్. ఇది గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే వదుల్తుంది, మగది అవసరం కూడా లేదు. బ్లాడర్ కూడా ఒక్కటుంటే చాలు, తనంతట తనే గుడ్లు పెట్టుకుంటుంది. అందుకే ఒక్కోదాన్ని ఏరి పారేస్తే అయిపోతుందన్న ఆశ వదిలెయ్యండి, ఎప్పుడూ ఒకటి మిగులుతుంది.

నా మాట నమ్మితే అసలు వాటిని పూర్తిగా పోగొట్టే ప్రయత్నమే వద్దంటాను. ఈ మూడూ బతికున్న మొక్కని ముట్టుకోవు, కుళ్ళిన ఆకులు, అద్దం మీద పాచి, చేపలు వదిలేసిన మేత తింటాయి. ఆకులకి చిల్లులు పడ్డాయని నత్త మీదకి తోసేస్తాం కానీ సాధారణంగా ఆకు ముందే పొటాషియం లేకో లైటు చాలకో పాడై ఉంటుంది, పాడైన చోట నత్త చేరుతుంది. ట్రంపెట్లు కంకర కింద తవ్వుతూ గాలి ఆడేలా చేస్తాయి. ఇంకో ఉపయోగం చెప్తా, పగటిపూట ట్రంపెట్లన్నీ కట్టగట్టుకుని అద్దం మీదకి ఎక్కి నీళ్ళ పైభాగానికి వచ్చేశాయంటే కింద ఆక్సిజన్ తగ్గిందనో అమోనియా పెరిగిందనో అనుకోవాలి, చేపల కన్నా ముందే అవి చెప్తాయి.

మరి వందల్లో ఎందుకయ్యాయంటే, మేత. నత్తల సంఖ్య అంటే మీరు రోజూ ఎంత మేత ఎక్కువ వేస్తున్నారో దాని లెక్క. ఇంట్లో నలుగురుంటే పొద్దున నాన్న వేస్తాడు, స్కూలు నుంచొచ్చి పాప వేస్తుంది, సాయంత్రం తాతయ్య వేస్తాడు, గప్పీ ఎప్పుడు చూసినా ఆకలన్నట్టే ఎగబడుతుంది, ఆ యాక్టింగ్‌కి అందరం పడిపోతాం. రోజుకి ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత, వారంలో ఒక రోజు అసలు వద్దు. డబ్బా ఒకరి చేతిలోనే ఉండాలి. కంకరని సైఫన్ గొట్టంతో వారానికోసారి లాగండి. నెలన్నర తిరిగేసరికి కొత్త పిల్లలు తగ్గి, ఉన్నవి ముసలివై పోయి, సంఖ్య దానంతటదే దిగుతుంది.

ఈలోగా చూడ్డానికి చిరాగ్గా ఉంటే రాత్రి లైటు ఆపాక కీరా ముక్క ఒకటి స్టీలు ఫోర్క్‌కి గుచ్చి అడుగున పెట్టండి, పొద్దున్నే లైటు వెయ్యకముందే తీస్తే దాని నిండా అతుక్కుని వస్తాయి. వారం పాటు రోజూ చెయ్యండి. అద్దం మీద ఉన్న చిన్నవాటిని అక్కడే వేలితో నొక్కేస్తే గప్పీలు వచ్చి తినేస్తాయి, రోజుకి నాలుగైదు అయితే పర్లేదు, యాభై నొక్కితే మళ్ళీ అదే అమోనియా కథ. కీరాతో తీసినవాటిని కవర్లో కట్టి ఫ్రీజర్లో ఒక రోజు ఉంచి చెత్తలో వెయ్యండి, సింకులోనో టాయిలెట్లోనో పోసి ఫ్లష్ కొట్టొద్దు.

నత్తలు తినే చేపని తెచ్చుకోమని కూడా ఎవరో ఒకరు చెప్తారు మీకు. యోయో లోచ్, జీబ్రా లోచ్ మన దేశపు చేపలే, గుల్లలోంచి నత్తని లాక్కుని తినడంలో దిట్టలు, కానీ అవి గుంపుగా ఉండాలి, పెద్దవవుతాయి, మీ రెండడుగులు చాలవు. పీ పఫర్ కేరళ, పడమటి కనుమల నదుల్లోది, అంగుళమే ఉంటుంది, నత్తలంటే ప్రాణం, అలాగే గప్పీ తోకలన్నా ప్రాణం. అసాసిన్ స్నెయిల్ అని నత్తల్ని తినే నత్త ఉంటుంది, పసుపు నలుపు చారలతో, బుల్లివాటిని ఒక్కొక్కటిగా వేటాడుతుంది, ఆకలేస్తే మిస్టరీ మీద కూడా పడుతుంది. ఈ మూడూ మీ ట్యాంకుకి కాదు. పైగా బుల్లి నత్తలు అయిపోయాక వీటికి రోజూ ఏం పెడతారు?

కొత్త మొక్కలు తెచ్చినప్పుడు మాత్రం జాగ్రత్త పడండి. ఇంట్లో పటిక ఉంటే లీటరు నీళ్ళకి ఒక టీస్పూన్ పొడి కలిపి రెండు మూడు రోజులు అందులో ఉంచి, బాగా కడిగి వెయ్యండి, నత్తలూ గుడ్లూ చాలావరకు పోతాయి. సున్నితమైన మొక్కలైతే ఆకులు కాస్త పాడవ్వొచ్చు, వేరు బతికుంటే మళ్ళీ వస్తాయి. ఆకుల అడుగున జిగురు ముద్దలా కనిపించే గుడ్లుంటే ఆ ఆకునే తుంచేయడం ఇంకా తేలిక.

మళ్ళీ పసుపు నత్త దగ్గరికొస్తే, అది పాచి తిని బతుకుతుందని షాపులో చెప్పుంటారు. అది సరిపోదు దానికి. వారానికి మూడు నాలుగుసార్లు ఉడకబెట్టిన కీరా, బీరకాయ చెక్కు, బీన్స్, మునగాకు ఏదో ఒకటి వెయ్యండి, మునిగే ఆల్గే బిళ్ళ అప్పుడప్పుడు. మునగాకులో కాల్షియం బాగా ఉంటుంది. పాలకూర అందరూ వేస్తారు, అందులో ఉన్న ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి రోజూ మాత్రం వద్దు. ఏ కూరగాయైనా మార్కెట్లో మందులు కొట్టిందే ఉంటుంది, తొక్క తీసో బాగా కడిగో వెయ్యండి, మిగిలింది మర్నాడు తీసెయ్యండి. ఇంకో మాట, నత్త వేస్తే ట్యాంకు శుభ్రంగా ఉంటుందనేది సగం నిజమే. తిన్నంతా విసర్జిస్తుంది, అదీ మామూలుగా కాదు. నీళ్ళు మార్చే పని మీకు తప్పదు.

పైన మూడు నాలుగంగుళాలు ఖాళీ వదిలి మూత పెట్టండి. రాత్రిపూట పైకి ఎక్కుతుంది, మూత లేకపోతే పొద్దున సోఫా కింద దొరుకుతుంది, గుల్ల పగిలితే కష్టం. ఆడదైతే నీళ్ళ పైన అద్దానికి గులాబీ రంగు గుత్తి పెడుతుంది, అందులో వందకి పైగా గుడ్లుంటాయ్, రెండు మూడు వారాల్లో పిల్లలు దిగుతాయి. మగది లేదు కదా అనుకోవద్దు, షాపులో జతకట్టి వచ్చిన ఆడది నెలల తరబడి ఆ వీర్యం దాచుకుని గుడ్లు పెట్టగలదు. పిల్లలు వద్దంటే పెట్టిన వారంలోపే గుత్తిని గీకి తీసి ఫ్రీజర్లో పెట్టి పారెయ్యండి. దీని ఆయుష్షు తక్కువేనండీ, ఏడాది, మహా అయితే రెండేళ్ళు, నీళ్ళు ఎంత వేడిగా ఉంటే అంత త్వరగా ముసలిదవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్ళల్లో ట్యాంకు 31, 32కి పోతుంది, నీళ్ళ మీదకి చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, పాపకి ముందే ఈ ఆయుష్షు సంగతి చెప్పి ఉంచండి.

పాచి కోసమే నత్త కావాలనుకుంటే నెరైట్ తెచ్చుకోండి, దీన్ని మించినది లేదు. నువ్వుల్లాంటి తెల్ల గుడ్లు అద్దం మీద, చెక్క మీద అంటించి వదిలేస్తుంది, గీకినా ఊడవు, కానీ పిల్లలు బతకాలంటే ఉప్పునీళ్ళు కలవాలి కాబట్టి మీ ట్యాంకులో ఒక్కటీ పెరగదు. పాచి పట్టని కొత్త ట్యాంకులో మాత్రం ఆకలికి చస్తుంది. వెల్లకిలా పడితే కొన్ని తిరగలేవు, చూసినప్పుడు తిప్పి పెట్టండి.

చెరువు గట్టునో పొలం కాలవలోనో దొరికిన నత్తల్ని మాత్రం ట్యాంకులోకి తేకండి, సెలవులకి ఊరెళ్ళినప్పుడు పిల్లలు సరదాగా డబ్బాలో వేసుకొస్తారు. మన పొలం నత్త మొక్కల్ని బాగా తింటుంది, అది పక్కన పెట్టినా అసలు భయం పరాన్నజీవులు. పశువులకి వచ్చే గురక జబ్బు, కార్జపు జలగల జబ్బు మోసేది మన చెరువుల్లో ఉండే నత్తలే. ట్యాంకులో చెయ్యి పెట్టాక పాప సబ్బుతో చేతులు కడుక్కోవాలనేది షాపు నత్తలకి కూడా వర్తిస్తుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, ట్యాంకు నత్త చెరువులోకి పోకూడదు. మీ పసుపుదాని శాస్త్రీయ నామం పొమేసియా డిఫ్యూసా, దక్షిణ అమెరికాది, మొక్కల జోలికి పెద్దగా పోదు. దాని దగ్గరి చుట్టం పొమేసియా కనాలికులాటాని 1980 ప్రాంతంలో తినడానికి పనికొస్తుందని తైవాన్‌కి తెచ్చారు, అమ్ముడుపోలేదు, కాలవల్లోకి వదిలేశారు, అక్కణ్ణుంచి ఫిలిప్పీన్స్, వియత్నాం దాకా వరి నాట్లు తినేసే పురుగులా తయారైంది, ప్రపంచంలో అతి చెడ్డ 100 ఆక్రమణ జాతుల జాబితాలో అదొకటి. చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయ్, షాపులో ఏది ఇచ్చారో మనకి తెలీదు. వరి పండే మన నేలలో ఆ రిస్కు ఎందుకు? ఇప్పటికే సక్కర్ క్యాట్‌ఫిష్ ఇలాగే అక్వేరియంల నుంచి చెరువుల్లోకి చేరి, డెవిల్ ఫిష్ అని మన చేపల రైతులు తలపట్టుకునే దాకా వచ్చింది. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఉన్న మనవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, అక్కడ 2012 నుంచి పొమేసియా నత్తలన్నిటినీ తేవడం నిషేధం, అక్కడ నెరైటో రామ్స్‌హార్నో పెంచుకోండి.

చివరిగా తోడు సంగతి. నత్తకి ఒంటరితనం ఉండదు, ఒక్కటే ఉన్నా హాయిగా తిరుగుతుంది, కాబట్టి దాని కోసమైతే ఇంకోటి తేనక్కర్లేదు. పాప కోసం తెస్తానంటే జీహెచ్ 8 దాటే దాకా ఆగండి. తెచ్చేటప్పుడు అద్దానికి అతుక్కుని మీసాలు చాపి తిరుగుతున్నదాన్ని ఏరుకోండి, అడుగున మూసుకుని పడున్నది చవగ్గా ఇస్తానన్నా వద్దు, గుల్ల పెదవి నున్నగా ఉందో లేదో వేలితో తడిమి చూడండి. షాపు ట్యాంకు నీళ్ళు నీలంగానో పచ్చగానో కనిపిస్తే మందు వేశారని అర్థం, ఆ ట్యాంకు నత్త మాత్రం తీసుకోకండి, రెండు మూడు రోజుల్లో పోయేది మీ ఇంట్లో పోతుంది.